చెంప మీద గళ్లు

కొంగ దగ్గర జవాబు లేని ప్రశ్న ఇంతవరకూ పుట్టలేదంటారు. ఒకసారి ఆగిపోయిన గోడగడియారాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రశ్నించాడట. అది తను ఎవరికి భయపడి ఆగిందో చెప్పేసి, సిగ్గుపడి మళ్లీ నడిచిందట. నమ్మకపోతే ఆ గడియారాన్నే అడగండి. మెడ పొడుగు, కాళ్లు పొడుగు. బుర్రలో ఏదైనా మెదిలితే ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద నిలబడతాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకే గుర్తు లేదు. డిటెక్టివు కొంగ అంటే మాత్రం దొంగల పిల్లలు కూడా ఏడుపు మానేస్తారు.

ఆ మధ్యాహ్నం ఆయన ఆ ఇంటి మెట్లెక్కేసరికి గుమ్మానికి అడ్డంగా ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. అతన్ని డిపార్టుమెంటులో తుపాకీ అంటారు. మోత ఎక్కువ, గురి తక్కువ.

"రండి కొంగగారూ! ఇక్కడ చేపల్లేవు. పట్టాల్సింది నేను పట్టేశాను."

"నువ్వు పట్టింది చేపో, గాలానికి తగులుకున్న పాత చెప్పో చూసిపోదామని వచ్చాను నాయనా."

"నాలుగింటికి జీపు వస్తుంది. కోడల్ని స్టేషనుకు తీసుకుపోతున్నాను. మూడు నెలల పిల్లను చంపిన కేసు. కవల పిల్లలు. ఒకదాన్ని చంపింది, రెండోది మిగిలింది. ఆ రెండోదాన్ని పొద్దున్నే దీని చేతుల్లోంచి తీసి అత్తగారికి అప్పగించాను. మేడ మీద గదిలో భద్రంగా ఉంది. ఇక ఈ జన్మలో దాన్ని ఈ తల్లి ముట్టుకోదు."

"చంపిందని ఎవరు చెప్పారు?"

"తనే!" ఇన్‌స్పెక్టరు ఛాతీ ఉబ్బింది. "నేనే చంపాను, నేనే చంపాను అని నా ముందే అంది. ఒకసారి కాదు, ఊపిరి తీసుకున్నప్పుడల్లా అంది."

"ఆ మాట మా దగ్గర అందరూ అంటారు సార్."

ఈ మాటన్నది లోపల ముందుగదిలో ఒక మూల మడత కుర్చీ వేసుకుని కూర్చున్న ఆవిడ. నిద్రలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. కబురు తెలిస్తే వాళ్లలో ఒకరు ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటారు. సలహాలు చెప్పరు, ఓదార్చరు, ఊరికే కూర్చుంటారు. చావు జరిగిన ఇంట్లో కూర్చోమనే నాథుడు ఉండడు కాబట్టి ఈవిడ తన కుర్చీ తనే చంకన పెట్టుకుని పోతుంది. అందుకే కుర్చీ అక్క అయింది. కొంగకు కబురు పంపిందీ ఆవిడే.

"అందరూ అంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అందరూ అంటే అందరూ. ఒకామె పక్కకి తిరిగి పడుకున్నందుకు చంపానంటుంది. ఒకాయన ఆ రోజు ముద్దు పెట్టకుండా పనికి పోయినందుకు చంపానంటాడు. నేను ఇంకో దుప్పటి కప్పినందుకు చంపానన్నాను. మీరు మా సంఘానికి రండి సార్, ఒక్క పూటలో జీపు నిండిపోతుంది."

"ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఊరికే చస్తుందా?"

"చస్తుంది సార్. నాది చచ్చింది."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, అక్కడ పని లేదని గుర్తొచ్చి తీసేశాడు. కొంగ లోపలికి వెళ్లాడు.

తల్లి నేల మీద, మేడ మెట్లకు ఆనుకుని కూర్చుంది. ఆ మెట్ల పైనే రెండో పిల్ల ఉంది. పొద్దుటినుంచి రెండుసార్లు ఎక్కబోయిందట, రెండుసార్లూ కిందికి ఈడ్చుకొచ్చారట. మొగుడు కిటికీ దగ్గర, నీళ్లలో నానిన అట్టముక్కలా నిలబడి ఉన్నాడు. రెండ్రోజుల కిందట అది జరిగినప్పుడు నైట్ డ్యూటీలో ఉన్నాడు. ఇప్పటికీ డ్యూటీ దిగనట్టే ఉన్నాడు.

"ఈ అమ్మాయిని ఒంటరిగా వదలకండి," అంది కుర్చీ అక్క గొంతు తగ్గించి. "మొదటి వారం మాకు చాలా చెడ్డది. అప్పటినుంచీ కన్ను మూయలేదు. నిన్న నన్ను ఏమడిగిందో తెలుసా? బుజ్జి ఒక్కతే పోయింది కదక్కా, తోడు ఎవరు పోతారు, అని."

బుజ్జి పోయిన పిల్ల. చిట్టి మిగిలిన పిల్ల.

కొంగ తన సంచీలోంచి గుడ్డబొమ్మ తీశాడు. ముఖం లేదు, కళ్లు లేవు. కడుపు నిండా ఇసక. మూడు నెలల పిల్ల ఎంత బరువుంటుందో అంత బరువు.

"అమ్మా, ఇది పట్టుకో."

ఆమె పట్టుకుంది. బొమ్మే కదా, కాలు పట్టుకుని వేలాడదీసినా అడిగేవాడు లేడు. కానీ ఆమె ఎడమ చెయ్యి ఎవరూ చెప్పకుండానే దాని తల కిందికి పోయింది. బొమ్మ బరువు భుజానికి తగలగానే గుండెల మీద బట్ట తడిసింది. పాలకు ఏం తెలుసు, అది ఇసకని? కుర్చీ అక్క లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తన శాలువా ఆమెకు కప్పి, మళ్లీ వెళ్లి కూర్చుంది.

"ఇదేం పాడు పని?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నిజంగానే అతనికి రోత పుట్టింది.

"పాడు పనే. నువ్వు నోటిని అడిగావు, నేను చేతుల్ని అడుగుతున్నాను. పదమ్మా, గదిలోకి. ఆ రాత్రి బుజ్జిని ఎలా పడుకోబెట్టావో అలా పడుకోబెట్టు."

గది చిన్నది. ఒక మంచం, దానికి ఆ పక్కొకటి ఈ పక్కొకటి చిన్న మంచాలు, చుట్టూ కర్ర ఊచలు. తల్లి కుడి పక్క దాని మీదికి వంగి బొమ్మను వెల్లకిలా పెట్టింది. కాళ్లు సర్దింది. తల చుట్టూ ఏమీ లేకుండా చూసింది.

"రాత్రి రెండింటికి ఇద్దరికీ పాలిచ్చాను. ఇలాగే పెట్టాను. వెల్లకిలా పెట్టమని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. అప్పటినుంచీ ఇలాగే."

"ఆ తర్వాత?"

"నిద్రపోయాను." అది పెద్ద నేరంలా చెప్పింది. "మూడు రాత్రుల తర్వాత నిద్రపోయాను. ఒకటి ఏడుస్తుంటే ఒకటి లేచేది. ఆ రాత్రి ఏడుపే వినపడలేదు. ఏడుకు మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. నాకు, నాకు హాయిగా అనిపించింది సార్. హాయిగా ఒళ్లు విరుచుకున్నాను. ఆ పక్కన బుజ్జి..."

"ఎలా ఉంది?"

"ఇలాగే. వెల్లకిలా. చల్లగా."

"అబద్ధం!" ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి పేలాడు. "డాక్టరు స్పష్టంగా చెప్పాడు. గుండె ఆగాక నెత్తురు కిందికి దిగి, నేలకు ఆనిన వైపు మచ్చ కడుతుంది. ఈ పిల్లకు ముందు వైపూ ఉంది, వెనక వైపూ ఉంది. పోయాక కొంతసేపు బోర్లా ఉంది, ఆ తర్వాత ఎవరో వెల్లకిలా తిప్పారు. గదిలో ఉన్నది ఈవిడొక్కతే. మొహం పరుపుకేసి నొక్కింది, తెల్లారేముందు తిప్పింది. ఇందులో ఒంటికాలి మీద నిలబడాల్సినంత చిక్కేముంది?"

కొంగ అప్పటికే ఒంటికాలి మీద ఉన్నాడు.

"డాక్టరు ఇంకోటి కూడా చెప్పాడు. నువ్వు సగం విని జీపెక్కేశావు, నేను ఆయన్ని కలిసే వచ్చాను. ఒంటి మీద దెబ్బ లేదు, ఎముక చెదరలేదు, నోట్లో గాటు లేదు, జబ్బు లేదు. కారణం దొరకలేదన్నాడు. ఎడమ చెంప మీద మాత్రం తెల్లగా గళ్లు అచ్చుపడి ఉన్నాయన్నాడు. చిన్న చిన్న గదులు. తేనెపట్టులా."

"పరుపువే అయ్యుంటాయి."

"అయితే చూడు."

ఇన్‌స్పెక్టరు వంగి పరుపు మీద చెయ్యి వేశాడు. నున్నటి దుప్పటి, దాని కింద నున్నటి రబ్బరు షీటు. ఈగ కూర్చున్నా జారిపడేంత నునుపు.

"అమ్మా, గళ్ల గుడ్డ ఏదైనా ఇక్కడ ఉందా?"

"లేదు సార్. పక్కలో ఏ గుడ్డా పెట్టను."

కొంగ ఆమెను అక్కడే కుర్చీ అక్కకు అప్పగించి, స్నానాలగది వైపు నడిచాడు. తలుపు తీస్తే గుప్పుమంది. పిల్లల బట్టలు, పాలు కక్కిన గుడ్డలు, దుప్పట్లు బకెట్లలో పులిసిపోతున్నాయి. రెండ్రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ ఒక్క గుడ్డ ఉతకలేదు. ఉతికే ఓపిక ఎవరికి ఉంది?

వెనక వైపు తలుపు తీశాడు. ఇటు గోడ నుంచి అటు గోడకు తీగ. ఆ పొడుగాటి తీగ మీద ఒక్కటంటే ఒక్క తువ్వాలు. శుభ్రంగా ఉతికి, పిండి, ఎండలో ఎండి ఎండి అప్పడంలా బిగుసుకుని ఉంది. ఉబ్బెత్తు గళ్ల నేత. తేనెపట్టులా.

"నాయనా తుపాకీ, ఇలా రా. ఇల్లంతా గుండెలు బాదుకుంటున్న పూట, ఎవరో తీరిగ్గా ఒకే ఒక్క తువ్వాలు ఉతికారు. ఎవరంటావు?"

"ఆవిడే! సాక్ష్యం మాయం చెయ్యడానికి!"

"ఏడింటికి కేక పెట్టింది, ఆ కేకకు పక్కింటివాళ్లు వచ్చేశారు, వాళ్ల చేతుల్లో మూర్ఛపోయింది, తర్వాత నువ్వొచ్చి ఆ గదిలోనే కూర్చోబెట్టావు. నువ్వే కాపలా. నీ కాపలాలో బట్టలుతికిందా?"

కొంగ ఆ తువ్వాలు తీసుకుపోయి కిటికీ దగ్గరున్న మొగుడి ముందు పెట్టాడు.

"ఇది ఎవరిది బాబూ?"

"అమ్మది," అన్నాడతను. అన్నాక, తను ఏమన్నాడో తనకే వినపడినట్టు, పక్కనున్న గోడ పట్టుకున్నాడు. "అమ్మ భుజం మీద ఎప్పుడూ ఉంటుంది. అలాంటివి రెండున్నాయి."

"కేకెయ్యి. ఒకసారి కిందికి రమ్మను."

అత్తగారు దిగి వచ్చింది. చువ్వలాంటి మనిషి, గట్టి ఎముక, భుజం మీద గళ్ల తువ్వాలు. ఆమె దిగగానే ఇన్‌స్పెక్టరు పైకి పరుగెత్తి, గదికి తాళం పెట్టి, తాళంచెవుల గుత్తి జేబులో వేసుకుని దిగాడు.

"తాళం దేనికి?" అన్నాడు కొంగ.

"అత్తగారు లేనప్పుడు ఈవిడ పైకి పోతే? ఒకదాన్ని చంపిన చెయ్యి రెండోదాన్ని వదులుతుందా? మీ కథలు మీరు చెప్పుకోండి, బతికున్న పిల్ల బాధ్యత నాది."

తల్లి మళ్లీ మెట్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆమె పక్కకు కుర్చీ కూడా జరిగింది.

"పెద్దమ్మా, మీరు ఎంతమందిని పెంచారు?" అన్నాడు కొంగ, పెళ్లిసంబంధం మాట్లాడటానికి వచ్చినవాడిలా.

"నలుగురిని. అందరూ గుండ్రాళ్లు. ఇప్పటి ఆడపిల్లలకు ఒక్కదాన్ని పెంచడానికి నర్సు కావాలి, పుస్తకం కావాలి, ఫోను కావాలి. మేము పెంచలేదా? పిల్లల విషయంలో నర్సు చెప్పిందే వేదం! దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం నా కోడలు."

"నిజమే. ఇదుగోండి, ఈ బొమ్మను పడుకోబెట్టి చూపించండి. మీ చేతివాటం చూస్తే ఇన్‌స్పెక్టరుగారికి బుద్ధి వస్తుంది."

పొగిడితే కొండ కూడా కాస్త వంగుతుంది. ఆవిడ బొమ్మను అందుకుంది, బల్ల మీద పెట్టింది. పెడుతూనే బోర్లా తిప్పింది. తల ఒక పక్కకు వంచింది. భుజం మీది తువ్వాలు లాగి, నాలుగు మడతలేసి, చెంప కింద దోపింది. వీపు మీద మూడు దెబ్బలు మెత్తగా తట్టింది.

నాలుగో దెబ్బకు చెయ్యి గాల్లో ఆగిపోయింది.

తీగ మీది తువ్వాలు తీసి కొంగ బొమ్మ పక్కన పరిచాడు. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"నా మనవరాలిని నేను చంపుకుంటానా?" అంది పెద్దావిడ.

"చంపారని నేననలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి."

"ఏం జరుగుతుంది? మూడింటికి బుజ్జి ఏడ్చింది. నా కోడలు లేవలేదు. శవంలా పడుంది. నేను దిగి వచ్చి, ఎత్తుకుని, తేన్పు తెప్పించి, పడుకోబెట్టి పోయాను. నా నలుగురినీ అలాగే పడుకోబెట్టాను. కడుపులో గాలి పోతుంది, ఉలిక్కిపడరు. వెంటనే నిద్రపోయింది. బంగారంలా నిద్రపోయింది."

"మళ్లీ ఎప్పుడు వచ్చారు?"

పెద్దావిడ బొమ్మ చెంప కింది తువ్వాలు లాగి మడతలు విప్పింది.

"అమ్మా," అన్నాడు కొడుకు. "చెప్పు."

"తెల్లారకముందు. మంచినీళ్లకు దిగాను. ముట్టుకుంటే... చల్లగా ఉంది. తిప్పాను. తువ్వాలు తీసేశాను." ఆవిడ గొంతు రాయి మీద రాయి రాసినట్టుంది. "ఏం చెయ్యమంటావు? నేను పడుకోబెట్టాక పోయిందంటే ఈ ఇంట్లో నా మొహం ఎవరు చూస్తారు? దీన్నయితే నాలుగు రోజులు తిడతారు, తల్లే కదా అని మళ్లీ కలుపుకుంటారు. నన్ను కలుపుకుంటారా?"

"నాలుగు రోజులు కాదు పెద్దమ్మా. యావజ్జీవం. నాలుగింటికి జీపు వస్తోంది. ఆవిడ నేనే చంపానని ఏడుస్తుంటే మీరు తీగ మీద తువ్వాలు ఆరేశారు."

"అయితే నేనే చంపానంటావా!"

"అనను. బోర్లా పడుకోబెడితే ప్రమాదం ఎక్కువంటారు డాక్టర్లు. వెల్లకిలా పడుకున్నవాళ్లూ పోతారు. ఈ పిల్ల ఎందుకు పోయిందో నాకు తెలీదు, ఏ డాక్టరుకూ తెలీదు. ఈ ఇంట్లో హంతకులు లేరు నాయనా," అని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "నీకు జీపు నింపుకోవడానికి మనిషి కావాలి. ఇక్కడ ఉన్నది చావొక్కటే. దానికి బేడీలు పట్టవు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అంతకంటే పెద్ద క్షమాపణ అతని వంశంలో ఎవరూ చెప్పలేదు.

అక్కడితో అయిపోవాలి. కానీ కొంగ కాలు మళ్లీ లేచింది.

"పెద్దమ్మా. పొద్దున చిట్టిని మీకిచ్చారు. ఇప్పుడు ఎలా పడుకోబెట్టి వచ్చారు?"

ఆవిడ కళ్లు కిందికి దించలేదు. అదే భయంకరం.

"బోర్లానే."

"బుజ్జి అలా పోయాక కూడానా?"

"పోయాకే! పొద్దుటినుంచి రెండుసార్లు అలాగే పడుకోబెట్టాను. రెండుసార్లూ లేచింది. ఇదీ లేచిందంటే, నా చేతుల్లో తప్పు లేనట్టే కదా? బుజ్జి తలరాత అలా ఉందన్నట్టే కదా? లేస్తుంది. చూస్తూ ఉండండి, లేస్తుంది."

పసిపిల్ల ఊపిరి మీద పందెం కాసి, నిద్రనిద్రకూ తన నేరం కొంచెం కొంచెం కడుక్కుంటోంది ముసలిది.

"తాళం!" అని కొంగ అరిచేసరికి ఇన్‌స్పెక్టరు చెయ్యి జేబులో ఇరుక్కుంది. గుత్తి బయటికి రాగానే ఎవరో లాక్కున్నారు. తల్లి. మెట్లు ఆమె కాళ్ల కింద ఉన్నాయో లేవో చెప్పడం కష్టం. ఇన్‌స్పెక్టరు బూట్లు మొదటి మెట్టు మీద ఉండగానే పైన తాళం నేల మీద పడ్డ చప్పుడైంది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఒక కడివెడు నీళ్లు చుక్కచుక్కగా కారి ఖాళీ అయ్యేంతసేపు ఏ చప్పుడూ లేదు. అందరికీ అలాగే అనిపించింది.

తర్వాత ఏడుపు. సన్నగా, కోపంగా, నిద్ర చెడగొట్టినందుకు లోకాన్నంతా తిడుతున్న ఏడుపు.

పెద్దావిడ మొహం వెలిగిపోయింది.

"విన్నారా? లేచింది! నేను కాదు! నేను కాదని చెప్పానా?"

పైన, మెట్ల చివర, పిల్లను భుజాన వేసుకుని తల్లి కనపడింది. కింద జరిగినదంతా విన్న మొహం అది. ఏడవడం లేదు. అరవడం లేదు.

"అత్తయ్యా," అంది. "తెల్లారకముందు చూశారు కదా. నన్నెందుకు లేపలేదు?"

పెద్దావిడ తలెత్తి చూసింది. ఆ రెండ్రోజుల్లో ఆవిడ చెప్పిన అన్నిటికంటే నిజమైన మాట బహుశా ఇదే.

"నిద్రపోతున్నావు కదమ్మా. ఇక జన్మలో నీకు నిద్ర ఉండదు కదా. ఆ కాసేపైనా పోనీలే అనుకున్నాను."

తల్లి ఆ మాటను చాలాసేపు చూసింది. మాటను చూడటమేమిటంటారా? ఆమె చూపు అలాగే ఉంది మరి. తర్వాత వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లింది. తలుపు మూసింది. లోపల గడియ పడింది.

తాళానికి చెవి ఉంటుంది. గడియకు ఉండదు.

కుర్చీ అక్క తన కుర్చీ మడిచి చంకన పెట్టుకుని పైకి ఎక్కింది. తలుపు ముందు వేసుకుని కూర్చుంది. "చెల్లీ, నేను ఇక్కడే ఉన్నాను," అంది. లోపలినుంచి మాట రాలేదు. పిల్ల ఏడుపు ఒక్కటే.

ఆ ఏడుపు హఠాత్తుగా ఆగింది.

ఇన్‌స్పెక్టరు రెండంగల్లో పైకి చేరి భుజం తలుపుకు ఆనించాడు. వెనకే ఎక్కి వచ్చిన కొంగ అడ్డం నిలబడ్డాడు.

"పాలిస్తోంది. అంతే. ఇప్పుడు తలుపు పగలగొడితే ఆమె మీద మళ్లీ అదే నేరం మోపినట్టు."

"పాలివ్వడం లేదనుకోండి?" ఇన్‌స్పెక్టరు గొంతులో మోత లేదు. మొట్టమొదటిసారి గురి ఉంది. "నిన్న బుజ్జికి తోడు గురించి అడిగిందని ఈ కుర్చీ అక్క చెబుతుంటే నేనూ విన్నాను. కొట్టనా, వద్దా? చెప్పండి కొంగగారూ."

కొంగ రెండు కాళ్లూ నేల మీద పెట్టి, చెవి తలుపుకు ఆనించి నిలబడ్డాడు. ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు.